క్రైస్తవ కావ్యమున దైవప్రేమ: ఔచిత్య విచారము

భారతీయ భాషలలో వెలసిన క్రైస్తవ కావ్యములను విమర్శకులు సాధారణముగ రెండు ప్రశ్నలతో పరీక్షింతురు. కవి దేశీయమైన ఛందస్సును ఎంతవరకు వశపరచుకొనెను? పరదేశమునుండి వచ్చిన కథకు ఈ నేల వాసన ఎంతవరకు అబ్బెను? రెండును అడుగదగిన ప్రశ్నలే. కాని అవి కావ్యము కట్టిన బట్టను గూర్చినవి. యోర్దాను నదిని గోదావరివలె వర్ణించినంతమాత్రమున, కానా ఊరి పెండ్లిలో మామిడాకుల తోరణములు కట్టించినంతమాత్రమున క్రీస్తుకథ తెలుగుకథ కాజాలదు. ఆ కథకు స్థాయిభావమేది, అది ఎవరియందు పుట్టినది, ఎవరివైపు ప్రవహించుచున్నది అను విచారము జరిగినగాని కవి సాధించినదేమో, ఎక్కడ చేయి జార్చుకొన్నాడో తేలదు.

భరతుడు ఎనిమిది రసములను చెప్పెను. శాంతము తరువాత వచ్చి చేరినది. భక్తికి ఆ పంక్తిలో చాలకాలము పీట దొరకలేదు. మమ్మటుడు దేవతాదులయందలి రతిని భావముగ గణించెనేగాని దానికి రసపదవి నొసగలేదు. పదునారవ శతాబ్దిలో రూపగోస్వామి భక్తిరసామృతసింధువున ఆ లోటు తీర్చి, శాంత దాస్య సఖ్య వాత్సల్య మధురములను ముఖ్యభక్తిరసములుగ నిలిపెను. ఈ చర్చలో పక్షభేదములెన్ని ఉన్నను ఒక విషయమున అందరిదియు ఒకటే త్రోవ: ప్రేమకు ఆశ్రయము భక్తుడు, విషయము భగవంతుడు. యశోద ప్రేమించును, కృష్ణుడు ప్రేమింపబడును. గోపిక వేగిపోవును, గోవిందుడు దొరకకుండును. భగవంతుడు మరల ప్రేమింపడని కాదు. కావ్యమున మండునది మాత్రము భక్తుని హృదయమే.

క్రైస్తవ కథలో ఈ ఏర్పాటు తలక్రిందగును. ప్రేమలో మొదటి అడుగు మానవునిది కాదని, దేవునిదని యోహాను మొదటి పత్రిక నాలుగవ అధ్యాయమున వాదించును. అనగా ఆశ్రయము దేవుడు, విషయము మానవుడు. అంతతో ఆగినచో కవికి పెద్ద చిక్కు లేదు; తల్లిదండ్రుల మమతను వర్ణించిన తీరుననే దానిని వర్ణింపవచ్చును. కాని పౌలు అక్కడ ఆగనీయడు. రోమీయులకు వ్రాసిన పత్రిక ఐదవ అధ్యాయమున అతడు ఆ మానవుడు ప్రేమకు తగినవాడు కాడని, తగనివాడై, విరోధియై యుండగనే ప్రేమింపబడెనని నొక్కి చెప్పును. కవికి కష్టము ఇక్కడినుండి ప్రారంభమగును.

ఏలన, తగుట తగకపోవుట అనునవి మన అలంకారశాస్త్రమునకు ఊపిరివంటివి. ఆనందవర్ధనుని దృష్టిలో రసము చెడుటకు మూలకారణము అనౌచిత్యము. క్షేమేంద్రుడు పదునొకండవ శతాబ్దిలో ఔచిత్యవిచారచర్చ రచించి ఔచిత్యమును కావ్యజీవితముగనే ప్రతిష్ఠించెను. తగనిచోట నిలిచిన రతి రసము కాదు, రసాభాసమని శాస్త్రము. సీతయందు రావణుని అనురాగము దానికి చిరకాలపు ఉదాహరణము. ఇట్టి శాస్త్రమును చేతబట్టుకొని సువార్తలను చదివిన సహృదయునకు అడుగడుగున అనౌచిత్యమే ఎదురగును. ప్రభువు సేవకుని పని చేయును. తండ్రి తన పెద్దరికము మరచును. పగలంతయు ఎండలో శ్రమించినవానికిని, ప్రొద్దుగ్రుంకుటకు ఒక గంట ముందు తోటలో కాలు పెట్టినవానికిని ఒకే కూలి ముట్టును. ఒక కథలో ఐనచో పొరపాటనవచ్చును. ప్రతి కథలోను ఇదే వరుస యగునప్పుడు అనౌచిత్యము అక్కడ దోషముగ రాలేదని, ఆ కథలకు అదే ప్రాణమని గ్రహింపవలసియున్నది.

లూకా సువార్త పదునైదవ అధ్యాయములోని తప్పిపోయిన కుమారుని కథను ఈ దృష్టితో నిదానముగ చదువుట మేలు. పాపులతో కలిసి భుజించుచున్నాడని శాస్త్రులును పరిసయ్యులును సణగగా యేసు చెప్పిన మూడు కథలలో ఇది మూడవది. చిన్నకొడుకు తండ్రి బ్రతికియుండగనే తన పాలు పంచియిమ్మనును. తండ్రి చావునకై వేచియుండలేనని చెప్పినట్లే. తండ్రి వాదింపడు, పంచియిచ్చును. కొడుకు దూరదేశమునకు పోయి ఉన్నదంతయు వ్యయపరచును. కరవు వచ్చును. పందులను మేపు పనికి కుదురును. యూదుడైన శ్రోతకు ఇంతకంటె లోతైన పతనమును ఊహింపజేయు ఉపాయము లేదు. అప్పుడు వానికి ఇల్లు జ్ఞప్తికి వచ్చును. వచ్చినది తండ్రిమీది ప్రేమ అని కథకుడు చెప్పలేదు. తండ్రి యింటి కూలివాండ్రకు కడుపునిండ అన్నము దొరకుచున్నదని మాత్రమే చెప్పెను. ఆకలి నడిపించిన పశ్చాత్తాపమది. కథకుడు దానిని మెరుగుపెట్టి చూపలేదు.

వాడు దారిలో చెప్పదగిన మాటలను ముందే కూర్చుకొనును. అందు మూడు అంశములు కలవు: పాపము చేసితినని ఒప్పుకొనుట, కొడుకనిపించుకొను యోగ్యత పోయినదనుట, కూలివానిగ పెట్టుకొనుమని వేడుట. మూడవది ఒక ఒడంబడిక. ప్రేమ పోయినచోట జీతమైనను మిగులునని వాని లెక్క. కాని వాడింకను దూరముననుండగనే తండ్రి చూచును, పరుగెత్తి పోయి మెడను కౌగిలించుకొనును. కొడుకు పాఠము ఒప్పజెప్ప నారంభించును. మొదటి రెండంశములు చెప్పును. మూడవదానికి చోటు దొరకదు. కొన్ని ప్రాచీన ప్రతులలో ఆ మూడవమాట కూడ చేరియున్నను, అది లేని పాఠమే ప్రామాణికముగ అంగీకృతమైనది. కావ్యదృష్టితో చూచినను అదియే మేలైన పాఠము. ఒడంబడిక పెదవి దాటకమునుపే వస్త్రము, ఉంగరము, చెప్పులు వచ్చిపడినవి. మహాకవులు సర్గలు వ్రాసి చెప్పవలసినదానిని ఈ కథకుడు ఒక వాక్యమును చెప్పనీయక చెప్పినాడు.

పశ్చిమాసియా గ్రామములలో దీర్ఘకాలము నివసించిన కెన్నెత్ బెయిలీ 1976లో ప్రకటించిన గ్రంథమున ఈ పరుగును గూర్చి విశేషముగ వ్రాసెను. ఆ సమాజమున వయసు మళ్లిన గృహస్థు బహిరంగముగ పరుగెత్తుట గౌరవభంగము; ఊరివారి యెదుట కొడుకు పొందవలసిన అవమానమును తండ్రి తన మీద వేసికొన్నాడని ఆయన వ్యాఖ్యానము. మన పల్లెలను ఎరిగినవారికి ఈ వ్యాఖ్యానము క్రొత్తగా తోచదు. నలుగురిలో కూర్చుండు పెద్దమనిషి పంచె ఎగబట్టుకొని వీధివెంట పరుగెత్తిన ఊరు ఏమనుకొనునో చెప్పనక్కరలేదు.

పరుగెత్తు దేవుడు తెలుగు పాఠకునకు అపరిచితుడు కాడు. పోతన గజేంద్రమోక్షణమున వైకుంఠ మర్యాదలన్నిటిని విడిచి బయలుదేరిన విష్ణువు తెలుగువారి మనసులలో అచ్చుపడియున్నాడు. ఆరవ స్కంధములోని అజామిళుని కథ ఇంకను దగ్గరది. కొడుకును పిలిచిన పిలుపు భగవన్నామమైనందున యమభటులు వెనుకకు మరలుట న్యాయశాస్త్రమునకు మింగుడుపడు విషయము కాదు. అందుచేతనే అక్కడ యమదూతలకును విష్ణుదూతలకును అంత పెద్ద వాదము నడిచినది. యోగ్యతను మించిన కృప మన భాగవతమున ఉన్నది. ఐనను రెండు పరుగులకు నడుమ ఒక సన్నని గీత కలదు. గజేంద్రుడు సర్వమును విడిచి శరణు వేడిన తరువాత విష్ణువు కదిలెను. అజామిళుడు తెలియకయైనను పిలిచెను. కథలోని కొడుకు తండ్రిని ఇంకను పిలువనే లేదు. దూరమున కనబడుట మాత్రమే వాడు చేసిన పని. ఈ గీత చిన్నదే, కాని కవి దానిని గమనింపక గజేంద్రమోక్షణపు ధోరణిలో ఈ కథను పద్యములుగ కట్టినచో ఆర్తనాదము కావ్యము నాక్రమించును. తండ్రి ఆ నాదమునకు ప్రతిధ్వని యగును.

పాదప్రక్షాళన ఘట్టమున భేదము మరింత స్పష్టము. దశమస్కంధమున కుచేలుడు ద్వారకకు వచ్చినపుడు కృష్ణుడు అతని పాదములు కడిగి ఆ నీటిని తలపై చల్లుకొనును. హృదయము కరగు ఘట్టమే. కాని అక్కడ ఔచిత్యము చెక్కుచెదరలేదు: అతిథి బ్రాహ్మణుడు, బాల్యసఖుడు, నిర్మలుడు, గృహస్థధర్మము అట్లు చేయుమనియే చెప్పును. యోహాను సువార్త పదుమూడవ అధ్యాయమున యేసు భోజనపంక్తినుండి లేచి, పైవస్త్రము తీసి, నడుమునకు తువాలు చుట్టుకొని శిష్యుల పాదములు కడుగును. అది ఇంటి దాసుని పని. పేతురు ఒప్పుకొనడు, అతడు ఔచిత్యము తెలిసినవాడు. ఆ పండ్రెండుగురిలో యూదా కూడ ఉన్నాడు. అతడు చీకటిలోనికి వెడలిపోవుట తరువాతి సంగతి. పాదములు కడుగబడునపుడు అతడు అక్కడనే ఉన్నాడు. అమ్మబోవువాని పాదములను, అమ్మునని యెరిగి, తక్కినవారి పాదములతోపాటు కడుగుట ఏ రసమునకు చెందును? వీరమనవచ్చునా? శాంతమనవచ్చునా? కుచేలోపాఖ్యానపు తూనికరాయి ఇక్కడ పనికిరాదు.

ఈ ప్రేమకు క్రొత్తనిబంధన గ్రీకుభాషలో వాడుకైన పేరు అగాపే. లాతినులో అది కారితాస్ ఐనది. తెలుగు బైబిలున ప్రేమయే నిలిచినది. మంచి ఎన్నికయే, కాని ప్రేమ అను మాట తెలుగున వలపునకును, మమకారమునకును, చెలిమికిని సమానముగ చెల్లును. కృప అన్నచో పైనున్నవాడు క్రిందివానిపై చూపు దయ ధ్వనించును. కరుణ అన్నచో దుఃఖితుని చూచి కరగుట. వీనిలో ఏ ఒక్కటియు తనకు విరోధియైనవానిని వెదకికొని పోవు ప్రేమను పూర్తిగ పట్టుకొనలేదు. నిష్కామము అను మాటను కొందరు వ్యాఖ్యాతలు వాడుదురు. అది మరింత చిక్కు తెచ్చును. గీత చెప్పిన నిష్కామత్వము ఫలమునందు ఆసక్తి లేకుండుట. కథలోని తండ్రికి ఆసక్తి లేదనుట ఎట్లు? ప్రతిదినము దారివైపు చూచినవాడే దూరముననున్నవానిని గుర్తింపగలడు. అతడు కొడుకును కోరుచున్నాడు, మిక్కిలిగ కోరుచున్నాడు. తనకొరకు కోరుకొనుట లేదు, అంతే.

స్వీడను దేశీయుడైన ఆండర్స్ నీగ్రెన్ 1930లోను, 1936లోను రెండు భాగములుగ ప్రకటించిన ఎరోస్ అగాపే గ్రంథమున ఈ భేదమును కత్తితో కోసినట్లు చేసెను. ఎరోస్ విలువగల వస్తువును కోరి పైకెగయు ప్రేమ. అగాపే విలువను చూడక క్రిందికి దిగి, తాను తాకినదానికి విలువ కల్పించు ప్రేమ అని ఆయన సిద్ధాంతము. ఈ విభాగము సాహిత్యవిమర్శకు ఎంతో ఉపకరించును. ప్లేటో నాటకీయ సంభాషణలను, దాంతే మహాకావ్యమును ప్రక్కప్రక్కన పెట్టి చదువుటకు దీనివంటి దీపము వేరొకటి దొరకుట కష్టము. కాని సిద్ధాంతము తన పదునుచేతనే తన్ను కోసికొన్నది. నీగ్రెన్ చిత్రించిన మానవుడు పైనుండి వచ్చిన ప్రేమను ప్రక్కవానికి అందించు గొట్టమువంటివాడు. గొట్టమునకు దాహము లేదు. బర్నబీ, డార్సీ మొదలైన ఆంగ్ల పండితులు ఆ కాలముననే దీనిని ఖండించిరి. వారి వాదములోని బలము అంగీకరింపదగినది. విందు చేసి సంతోషించు తండ్రిని గొట్టపు సిద్ధాంతము వివరింపలేదు.

పడమటి దేశములలో ఈ వివాదము ఒకప్పుడు ఎదురుదిక్కున కూడ నడిచినది. మానవుడు స్వర్గకామన లేక దేవుని ప్రేమింపగలడా అని ఫ్రాన్సులో ఫెనెలోనునకును బోసుయేకును జరిగిన కలహము 1699లో పోపు తీర్పుతో ముగిసినది. బస్రాకు చెందిన రాబియా ఎనిమిదవ శతాబ్దిలోనే ఆ ప్రశ్నను మరింత తీవ్రముగ వేసినది. ఐనను అది భక్తుని నిస్స్వార్థతను గూర్చిన చర్చ. దాని ఆశ్రయము మరల మానవుడే.

దేవుని ప్రేమలోని అనౌచిత్యమును గూర్చి సూక్ష్మముగ తర్కించినవారు మన దేశమున లేకపోలేదు. శ్రీవైష్ణవమున పిళ్ళై లోకాచార్యుల సంప్రదాయము భగవంతుని వాత్సల్యమునకు దోషభోగ్యత్వమను అర్థము చెప్పినది. అప్పుడే పుట్టిన దూడ మేనిపైని మురికిని ఆవు ప్రీతితో నాకునట్లు భగవంతుడు ఆశ్రితుని దోషములను భోగ్యముగనే గ్రహించునట. వేదాంతదేశికుల సంప్రదాయము దీనికి ఒప్పుకొనలేదు. దోషమును చూడనట్లుండుటయే వాత్సల్యమని, దోషము భోగ్యమగుట తగదని వారి పక్షము. మర్కటకిశోర మార్జాలకిశోర న్యాయముల వివాదము కంటె ఈ చిన్న వివాదము కావ్యవిమర్శకు ఎక్కువ ఉపయోగించును. తగునా తగదా అను ప్రశ్న దేవుని ప్రేమ విషయముననే ఇక్కడ నేరుగ అడుగబడినది. క్రీస్తుకథ తెచ్చిన చిక్కు ఈ దేశపు బుద్ధికి అన్యము కాదని చెప్పుటకు ఇంతకంటె సాక్ష్యము వలదు.

తిరునెల్వేలి ప్రాంతమున వైష్ణవ కుటుంబములో 1827లో జన్మించిన హెచ్. ఏ. కృష్ణ పిళ్ళై ఈ వాతావరణమునుండియే వచ్చెను. 1858లో క్రైస్తవమును స్వీకరించి, బన్యను రచించిన యాత్రికుని కథను ఆధారముగ గొని 1894లో రక్షణ్య యాత్రికమను మహాకావ్యమును వెలువరించెను. కంబని పోకడలు అతనికి కరతలామలకములు. కాని అతడెన్నుకొన్న మూలకథలోనే ఒక ఇబ్బంది ఉన్నది. బన్యను కథ యాత్ర; నడచువాడు మానవుడు. దేవుడు గమ్యముననుండి ఎదురుచూచును. అందు ఆశ్రయము మరల మానవునివైపు మొగ్గును. క్రీస్తు శ్రమానుభవ కథను కూడ తన కావ్యమున చేర్చుటలో కృష్ణ పిళ్ళై ఈ లోపమును గుర్తించెననియే తోచును. బన్యనుకంటె అతనికి దేవుడు ఇంకొంత ముందుకు నడచి వచ్చుట కావలసియుండెను.

మరాఠీ కవి నారాయణ వామన తిలకు (1861–1919) మరియొక త్రోవ త్రొక్కెను. 1895లో బొంబాయిలో బాప్తిస్మము పొందిన ఈ చిత్పావన బ్రాహ్మణుడు తుకారామను వంతెనమీదుగ తాను క్రీస్తును చేరితినని చెప్పుకొన్నాడు. ఆ వంతెన అతని అభంగములలో అడుగడుగున కనబడును. వార్కరీలు విఠ్ఠలుని తల్లియని పిలిచినట్లే అతడు క్రీస్తును తల్లియని, గురువని పిలిచెను. ఆశ్రయమును దేవునివైపు త్రిప్పుటకు ఇంతకంటె సహజమైన ఉపాయము లేదు: తల్లి ప్రేమించును, బిడ్డ ప్రేమింపబడును. పాడుకొనువారికి ఆ మాధుర్యము వెంటనే అందును. ఆ మాధుర్యములోనే ఒక ప్రమాదమును దాగియున్నది. తల్లి తన బిడ్డను ప్రేమించుట తగినపని. లోకము దానిని చూచి ఆశ్చర్యపడదు. పాదములు కడిగినవాడు కడిగినది బిడ్డ పాదములు మాత్రమే కావు. తల్లి పోలిక వచ్చినంతనే అనౌచిత్యపు ముల్లు మెత్తబడును. యెషయా ప్రవక్త తల్లి పోలికను చేపట్టియు, తల్లియైనను మరచుట సంభవమేనని వెంటనే దానిని దాటిపోయెను. తిలకు ఆరంభించి పూర్తి చేయలేకపోయిన క్రీస్తాయనమును అతని భార్య లక్ష్మీబాయి కొనసాగించి ముగించినది. ఆమె స్మృతిచిత్రములను చదివినవారికి ఆ యింట నిస్స్వార్థతకు ఎవరు ఎంత వెల చెల్లించిరో కూడ తెలియును. చేతనున్నదెల్ల పరులకిచ్చు భర్తతో సంసారము నెగ్గించుకొని వచ్చిన ఇల్లాలి నవ్వులోని పదును ఏ వేదాంత గ్రంథమునను దొరకదు.

తెలుగున పురుషోత్తమ చౌదరి మొదలైనవారి కీర్తనలు పందొమ్మిదవ శతాబ్దినుండి సంఘములలో పాడబడుచున్నవి. కావ్యముగ ఈ వస్తువును చేపట్టినవారిలో గుఱ్ఱము జాషువ ముఖ్యుడు. 1958లో వెలువడిన అతని క్రీస్తుచరిత్రకు 1964లో సాహిత్య అకాడమీ బహుమానము లభించినది. ఈ కావ్యమును విడిగ చదువుట ఆచారమైనది. 1941నాటి గబ్బిలముతో జతచేసి చదివినచో దాని బరువు వేరుగ తెలియును. గబ్బిలమున అస్పృశ్యుడు తన మొరను కాశీ విశ్వనాథునకు విన్నవింపుమని గబ్బిలమును పంపును. మనిషికి లేని ఆలయప్రవేశము పక్షికి కలదు. ఆ కావ్యపు దిశ క్రిందినుండి పైకి. మొర పోవును; బదులు వచ్చునో రాదో తెలియదు. క్రీస్తుచరిత్రది పైనుండి క్రిందికి దిగు కథ. ఒకే కవి ఈ రెండు దిశలను రెండు కావ్యములుగ వ్రాయుట మతాభిమానమునకు సంబంధించిన విషయమని కొట్టివేయరానిది.

వినుకొండలో పుట్టి, అంటరానితనమును దేహముమీద ఎరిగిన కవికి సువార్తలలో ఏ ఘట్టము ఎట్లు వినిపించునో ఊహించుట కష్టము కాదు. మార్కు సువార్త మొదటి అధ్యాయమున ఒక కుష్ఠరోగి వచ్చి మోకరించును. యేసు చేయి చాచి వానిని ముట్టును. తరువాత మాట పలుకును. ముట్టవలసిన అవసరము ఏమి? శతాధిపతి సేవకుని దూరమునుండి మాటతోనే బాగుచేసెను. పదిమంది కుష్ఠరోగులను తాకకయే పంపివేసెను. చికిత్సకు స్పర్శ అక్కరలేదు. స్పర్శ రోగికి కావలెను. ధర్మశాస్త్రము ప్రకారము ముట్టినవాడు తానే మైలపడును. ఆ మైలను తనమీదికి తీసికొనుటయే ఇక్కడి ప్రేమ. పడమటి వ్యాఖ్యాత ఈ వాక్యమును శ్రమపడి వివరింపవలెను. మన దేశమున ఏ పల్లెలోనైనను రెండు బావులను చూచినవానికి వివరణ అక్కరలేదు. పిలిప్పీయులకు వ్రాసిన పత్రికలో దేవుని కుమారుడు తన్ను తాను రిక్తునిగ చేసికొనెనన్న భావమునకు వేదాంతులు ఎన్ని సంపుటములు వ్రాసినను, చాచిన ఆ చేయి కంటె మంచి వ్యాఖ్యానము లేదు.

ఐనను మన క్రైస్తవ కావ్యములు తరచుగ తప్పిపోవుచోటు ఒకటి ఉన్నది. అది సిలువ ఘట్టమే. కవులు అక్కడికి రాగానే కరుణరసమునకు గేట్లు ఎత్తుదురు. మేకులు, ముండ్లకిరీటము, రక్తధార, స్త్రీల రోదనము ఒకదానివెంట ఒకటి వచ్చును. పాఠకుడు ఏడ్చును. ఏడ్చిన క్షణమున ఆశ్రయము మారిపోయినది: జాలిపడువాడు పాఠకుడు, జాలిపడబడువాడు దేవుడు. లూకా ఇరువదిమూడవ అధ్యాయమున తనకొరకు ఏడ్చు స్త్రీలను యేసే వారించెను; మేకులు కొట్టినవారి క్షమకై ప్రార్థించెను. ఆ ప్రార్థన అక్కడి స్థాయిభావము. తక్కినదంతయు దానికి నేపథ్యము. నేపథ్యము నాటకమును మింగివేయుట మన కావ్యములలో మిక్కిలి తరచు.

కరుణమునకు అక్కడ చోటే లేదనుట కాదు. మలయాళమున అర్నోస్ పాదిరి యని ప్రసిద్ధుడైన జర్మను జెసూయిటు హాంక్స్‌లెడెన్ (1681–1732) పుత్తన్ పాన రచించెను. అందలి పన్నెండవ పాదము మరియమ్మ విలాపము. కేరళమున శ్రమల వారమునందు ఇండ్లలో దానిని పాడుట ఆచారము. అక్కడ ఏడ్చునది తల్లి. ఆమె దుఃఖమునకు ఆమెయే ఆశ్రయము, కొడుకు విషయము. కరుణము తన చోట తాను నిలిచినది. సిలువమీదివాని ప్రేమను ఆక్రమింపలేదు. విదేశీయుడైన ఆ పాదిరి, తెలిసియో తెలియకయో, మన రసశాస్త్రమునకు మిక్కిలి విధేయుడుగ ప్రవర్తించెను.

మహారచయితలు ఈ ప్రేమను చూపించినచోట్ల మాటలు తగ్గుట గమనింపదగినది. దోస్తొయేవ్‌స్కీ కరమజోవ్ సోదరులు (1879–80) నవలలో సెవిల్ నగరపు వృద్ధ న్యాయాధికారి చెరలోని క్రీస్తుతో పుటలకొలది వాదించును. క్రీస్తు ఒక్క మాటయైనను పలుకడు. చివర ఆ వృద్ధుని పెదవులను ముద్దుపెట్టుకొనును. జార్జి హెర్బర్టు మరణానంతరము 1633లో అచ్చైన సంపుటిలోని ప్రసిద్ధ ఖండికలో అతిథి గుమ్మమున సిగ్గుతో వెనుకాడును, ఆతిథ్యమిచ్చునది ప్రేమ. ఎంత చర్చ జరిగినను కడపట అతిథి కూర్చుండి భుజించుటతో అది ముగియును. విశేషణముల పేర్లు పేర్చి దయాసముద్రుడని, కరుణాపయోనిధియని సంబోధించుటకు అలవాటుపడిన మన పద్యరచనకు ఈ మితభాషణము నేర్వదగినది. ప్రేమను ప్రకటించు పద్యము వేరు, ప్రేమ జరిగిన పద్యము వేరు.

తప్పిపోయిన కుమారుని కథలో మన కవులకు ఇంకొక వస్తువు మిగిలియున్నది. ఆ కథ చిన్నకొడుకు రాకతో ముగియలేదు. పెద్దకొడుకు పొలమునుండి వచ్చుచు ఇంట వాద్యములు, నాట్యము విని సేవకుని అడుగును. కారణము విని కోపగించి లోనికి పోడు. తండ్రి మరల ఇల్లు విడిచి బయటికి వచ్చును. ఒకే దినమున అది రెండవసారి. పెద్దకొడుకు ఫిర్యాదు చక్కని తర్కముగల ఫిర్యాదు: ఇన్నేండ్ల సేవకు ఒక మేకపిల్లయైనను లేదు, ఆస్తి తగులబెట్టినవానికి క్రొవ్విన దూడ. తమ్ముడను మాటను కూడ వాడు పలుకడు, నీ కొడుకనును. తండ్రి ఆ లెక్కను తప్పనలేదు. నీ తమ్ముడని మాత్రము సవరించెను.

ఔచిత్యవిచారమునకు ఆ కథలో ప్రతినిధి ఈ పెద్దకొడుకే. క్షేమేంద్రుడు ఆ గుమ్మమున నిలిచియుండినచో ఇతనివైపే మాటాడియుండును. శాస్త్రము చదివిన పాఠకుడును మొదట ఇతని ప్రక్కనే నిలుచును. కథకుడు ఇతనిని దుష్టునిగ చిత్రింపలేదు. జీవితమంతయు తగినట్లు నడచుకొన్నవాని నోట తగనిదానిని ఎదుర్కొను వేదన పలికించెను. లోన పాట సాగుచున్నది. చీకటిపడిన పెరటిలో తండ్రి ఇతనిని బ్రతిమాలుచు నిలిచియున్నాడు. ఇతడు లోనికి పోయెనో లేదో చెప్పకయే కథ ఆగిపోయినది. ఆ పెరటిలోని నాలుగు మాటలను, ఆ నిలువబాటును చేపట్టి ఒక ఖండకావ్యము వ్రాయగల తెలుగు కవికి చిన్నకొడుకు కథకంటె కఠినమైన పని దొరకును.